తడిక అవతలి తపేలా

అనకాపల్లిలో ఒకే దినపత్రికకు ముప్ఫయ్యేళ్ళకు పైగా విలేకరిగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. తుపాన్ల గురించి, ఎన్నికల గురించి చెప్పమంటారు. వాటి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఆ వార్తలు నేను రాయకపోయినా ఇంకొకరు రాసేవారు. నేను రాయబట్టే ఒక మనిషికి అన్యాయం జరిగిన వార్త ఒకటుంది. ఈ ఉద్యోగం అంటే ఏమిటో నాకు అంతో ఇంతో తెలిసింది దానివల్లే. అదే రాస్తున్నాను.

రైతు, రైతు భార్య

నేను చేరిన కొత్తలో విశాఖపట్నం డెస్కులో మా ఇన్‌చార్జి మూర్తిగారు. భాష విషయంలో నిక్కచ్చి మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్న రెండు మంచి అలవాట్లు చివరిదాకా వదల్లేదు. ఒకటి, వెళ్ళిన చోట కంటికి కనిపించిందీ చెవికి వినిపించిందీ అర్థమైనా కాకపోయినా నోటుపుస్తకంలో ఎక్కించడం. రెండోది, నిండిపోయిన పుస్తకాలు పారేయకపోవడం. "ఎప్పుడు ఎవడు కేసు వేస్తాడో తెలీదు, దాచుకోవయ్యా" అనేవారు. మా అటక మీద మూడు గోనెసంచులు అవే.

ఒక చెడ్డ అలవాటు కూడా అక్కడే పట్టుకుంది. ఒకసారి నక్కపల్లి దగ్గర సాగునీటి కోసం ధర్నా చేసిన వాళ్ళలో ఒకామె పేరు రాసి 'రైతు' అన్నాను. భర్త ఎక్కడో కంపెనీలో కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. దుక్కి నుంచి నూర్పిడి దాకా సేద్యమంతా ఆవిడదే. మర్నాడు పేపర్లో 'రైతు భార్య' అని వచ్చింది. ఫోన్ చేశాను.

"పట్టా ఎవరి పేరున ఉంది?" అన్నారు మూర్తిగారు.

"ఆయన పేరునేనండి."

"మరింకేం?"

పొలం లేని మగవాడు కౌలుకి చేస్తే రైతు. ఆడమనిషి సొంత చేలో నడుం విరగ్గొట్టుకున్నా రైతు భార్య. ఇంకొకరి చేలో అయితే కూలీ. ఈ లెక్క ఎవరూ కాగితం మీద పెట్టి నాకివ్వలేదు. రెండుసార్లు దిద్దుబాటు పడ్డాక మూడోసారి నుంచి నేనే అలా రాయడం మొదలుపెట్టాను. కాబట్టి తప్పంతా మూర్తిగారి మీద తోసేసి పక్కకు తప్పుకోలేను.

ఏటా ఇంటర్ ఫలితాలొస్తే 'ఈసారీ అమ్మాయిలదే పైచేయి' అని నలుగురు పిల్లల్ని ఎగిరి గంతేయమని ఫొటో తీయించేవాళ్ళం. ఆ ఎగిరిన పిల్లలు మరుసటేడు ఏమయ్యారో వెళ్ళి చూద్దామని ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. ఇది కూడా రాసి పెట్టుకోండి.

నేను బాగా రాశాననుకున్న కథనం

తుమ్మపాల దాటి లోపలికి వెళ్తే చెరకు పండే ఊళ్ళు వరసగా ఉంటాయి. అందులో ఒక ఊళ్ళో నాలుగిళ్ళ వాళ్ళు కలిసి ఒక గానుగ, ఒక పొయ్యి నడుపుకునేవారు. వంతులవారీగా ఎవరి చెరకు వాళ్ళు ఆడించుకునేవారు. పాకం చూసేది మాత్రం నాలుగిళ్ళకీ ఒక్కడే, అప్పలనాయుడు. ఆ గానుగ నుంచి వచ్చిన బెల్లం దిమ్మలకి మార్కెట్‌యార్డులో మంచి పేరుండేది. ఇసకలా పొడి కాదు, జిగురుగా సాగదు, రంగు పసుపుకొమ్ము విరిచినట్టుండేది. ఒక వర్తకుడు నాతో అన్నాడు, "ఆ పాకం ఎవుడు సూత్తన్నాడో గానీ బాబూ, ఆడి కన్నుకి దిష్టి తియ్యాల."

ఆ మాట పట్టుకుని వెళ్ళాను. ఒక పూటంతా అక్కడే ఉన్నాను. బెల్లం వండే పెద్ద పెనంలో రసం పొంగడం, పైన తేలే తెట్టు తీయడం, పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోయడం, అప్పలనాయుడు పొగలోకి కళ్ళు చికిలించి చూడడం అన్నీ రాసుకున్నాను. ఫొటోకి పిప్పి మోపు ఎత్తుకున్న ఒకామె అడ్డం వస్తే, "అమ్మా, కొంచెం పక్కకి తప్పుకో" అన్నాను. తప్పుకుంది. పొయ్యి చుట్టూ తాటాకు తడికలు ఉన్నాయి. ఆడవాళ్ళు తడిక అవతలే ఉండి పిప్పి ఆరబెట్టేవారు. లోపలికి వస్తే పాకం విరిగిపోతుందని, ఎంత కాచినా ముద్ద కట్టదని అక్కడ అందరూ చెప్పారు. అది కూడా రాసుకున్నాను.

కథనం ఆదివారం వచ్చింది. 'పాకం మర్మమంతా అప్పలనాయుడి కంట్లోనే' అని నేనే శీర్షిక పెట్టాను. 'ఆడవారు పొయ్యి దరికి రారు. వస్తే పాకం చెడుతుందని తరతరాల నమ్మకం' అని ఒక వాక్యం కూడా ఉంది. అది నమ్మకమే అన్నాను గదా, నిజమనలేదు గదా అని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. కానీ చదివినవాడికి అది మందులచీటీలా పనిచేస్తుందని నాకు తెలుసు. మూర్తిగారు మెచ్చుకున్నారు. ఊళ్ళో వాళ్ళు పేపరు ముక్కకి లామినేషన్ చేయించి గానుగ పాకలో వేలాడదీశారు. నాకు చాలా సంతోషం వేసింది.

బస్సులో చదువుకున్న పేజీ

ఆరేళ్ళు గడిచాయి. నేను దిగిపోవడానికి ఇంకో ఏడాది ఉందనగా, మాఘమాసంలో ఒక ఉదయం ఫోన్ వచ్చింది. అవతల సన్నిబాబు. అప్పలనాయుడికి పెదనాన్న కొడుకు, ఆ గానుగకి పెద్ద.

"మా అప్పలనాయుడు పోయేడు బాబూ, దసరాలకి ముందే. పచ్చవాతం వచ్చింది" అన్నాడు. "ఇప్పుడాడి పెళ్ళాం నూకరత్నం, పెనం నానే సూత్తానని కూకుంది. ఎవుల్నీ అడక్కండా నిన్న రెండు బళ్ళ సెరుకు కొట్టించీసింది. మీ పేపర్లో ఉంది కదా, మర్మం ఆడి కంట్లోనే అని. ఓపాలి వచ్చి ఆయమ్మకి సెప్పండి. మా మాట ఇనదు. అచ్చులో ఉన్నదైతే ఇంతాది."

చెరకు కొట్టాక ఒకటి రెండు రోజుల్లో ఆడాలి. లేకపోతే రసం పులుస్తుంది, బెల్లం నల్లబడుతుంది. ఆమెకున్నది ఎకరంన్నర. పెనం ఆమెకి ఇవ్వకపోతే బయటూరి నుంచి పాకం చూసేవాణ్ణి తెస్తారు. వాడికి కూలి ఇచ్చుకోలేనివాళ్ళు చేను కౌలుకిచ్చి కూలికి పోవాలి. ఆ చేను కౌలుకి తీసుకోవాలని సన్నిబాబుకి ఉందని తర్వాత తెలిసింది. నాకు ఫోనులో అర్థమైనది మాత్రం ఒక్కటే, నన్ను సాక్ష్యానికి పిలుస్తున్నారు.

అటకెక్కి ఆ ఏటి పుస్తకం వెతికి, బస్సులో చదువుకున్నాను. నా చేతిరాతే. 'మొదటి పెనం. తడిక అవతల ఎవరో తపేలా మీద రెండు దెబ్బలు కొట్టారు. అ.నా. పెనం దింపమన్నాడు.' అర పేజీ కింద, 'రెండో పెనం. మళ్ళీ ఎవరో తపేలా కొట్టారు. పెనం దింపారు.' దాని పక్కన బ్రాకెట్టులో, 'అడిగాను. ఆడవాళ్ళు గిన్నెలు తోముకుంటున్నారట.'

బస్సు తుమ్మపాల దాటింది. ఆ రెండు చోట్లే పదిసార్లు చదివాను. ఒక పూటంతా కూర్చుని, రెండుసార్లు విని, రెండుసార్లు రాసుకుని, ఆ తడిక అవతలికి పది అడుగులు వేయలేదు నేను. వార్తలో మొట్టమొదట తేల్చవలసింది ఎవరు అన్నది. నా దగ్గర ఉన్నది 'ఎవరో'. దాంతోనే తృప్తిపడి ఇంటికొచ్చేశాను.

పెనం

నేను వెళ్ళేసరికి గానుగ ఆడుతోంది. రసం పెనంలోకి దిగింది గానీ పొయ్యి వెలిగించలేదు. మగవాళ్ళు నలుగురైదుగురు లోపల నిలబడి ఉన్నారు. తడిక దగ్గర, ఇటూ కాకుండా అటూ కాకుండా గుమ్మంలో నూకరత్నం. నలభై దాటిన మనిషి. సన్నగా, ఎండకి కమిలిన ముఖం. ఆరేళ్ళ కిందట నేను పక్కకి తప్పుకోమన్న మనిషి. ఆమెకి అది గుర్తుంది.

"రండి బాబూ. ఈపాలి నన్నెక్కడ నిల్చోమంటారు?" అంది.

సన్నిబాబు గోడ మీద పేపరు ముక్క తీసి నా చేతికిచ్చాడు. "సదవండి బాబూ. మీరు రాసిందే."

నేను అది పక్కనపెట్టి నోటుపుస్తకం తీసి ఆ రెండు చోట్లా చదివాను. అంతా చదివి, "ఆ రోజు తపేలా కొట్టింది ఎవరమ్మా?" అని అడిగాను. ఆరేళ్ళు ఆలస్యంగా.

"నానే" అంది.

పెళ్ళయి వచ్చిన ఏడు తనని తడిక పక్కన పిప్పి ఆరబెట్టే పనిలో పెట్టారట. పెనం కనపడదు, వినపడుతుంది. మొదట సన్నగా ఈల వేసినట్టు, తర్వాత వాన పడ్డట్టు, ఆ తర్వాత గలగలా పోయి బుడబుడ. చివర్లో ఒక్కొక్క బుడగే తీరిగ్గా లేచి, చెప్పు ఈడ్చినట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుళ్ళకీ చప్పుళ్ళకీ మధ్య దూరం పట్టి పాకం తెలుస్తుందట. ఆ ఏడు అప్పలనాయుడు పెనాలు మాడ్చేవాడు. ఒకనాడు అన్నం పెడుతూ, "ఇయ్యాల పెనం దింపడం ఆలీసం సేసేవు" అంటే, అతను ముద్ద పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడట. మర్నాటి నుంచి తపేలా. ఇరవై రెండేళ్ళు.

"మరి నాకు అప్పలనాయుడు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఆడేనాడూ తనదని అన్లేదు బాబూ. మీరే రాసేరు. అచ్చులో సూసుకున్నాక ఆడికి కాదనాలనిపించలేదు. పోన్లే అని నానూ వూరుకున్నాను. ఆ ముక్కే ఇప్పుడు నా నెత్తి మీదకొచ్చింది."

వెనకనుంచి ఒకతను, "అయితే ఇన్నేళ్ళూ మనం తిన్న బెల్లం తపేలా బెల్లవా మావా?" అన్నాడు. ఇద్దరు నవ్వారు. సన్నిబాబు నవ్వలేదు.

"సరే, ఒప్పుకున్నాం" అన్నాడు చివరికి. "తడిక ఎనకాలే కూకో. తపేలా కొట్టు. దింపీది మావు దింపుతాం. నీ పనీ అవుద్ది, మా ఆచారమూ ఉంతాది. ఏటంటారు బాబూ?"

నాకు బాగానే ఉందనిపించి తలూపాను. చెప్పకుండా దాచుకోవచ్చు గానీ ఇది మీకోసమే రాస్తున్నాను. ఒక తప్పు బయటపడ్డ అరగంటలోనే దాన్నే మళ్ళీ చేయడానికి నేను సిద్ధపడ్డాను, అది రాజీలా కనిపించింది కాబట్టి.

"కొట్టను" అంది నూకరత్నం.

"ఏటికే?"

"కొడితే ఈ బాబు మళ్ళీ ఎవరో కొట్టేరని రాసుకుంతారు." నా వైపు చూడకుండానే అంది. "ఇరవై రెండేళ్ళు నా మాట మీదే దిగింది బావగారూ ఆ పెనం. అప్పుడు విరగని పాకం నాను లోపలికొత్తే విరుగుద్దా? విరిగితే నా సెరుకే. మీదేటి పోద్ది?"

అంటూనే గుమ్మం దాటి లోపలికి వచ్చింది. అడ్డం నిలబడతారేమో అనుకున్నాను. నిలబడలేదు. రసం పులిసిపోతుందని అందరికీ తెలుసు కాబట్టేమో. ఎవరో పొయ్యి వెలిగించారు.

ఆ తర్వాత జరిగింది సరిగ్గా చెప్పగలనో లేదో. ఆమె పెనం పక్కకి వచ్చి ఒక్క క్షణం లోపలికి చూసింది. పొయ్యి మీది రసం అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి అని ఆ చూపులో తెలిసింది. కొత్త పిల్లని చూసినట్టు చూసింది. తర్వాత పెనానికి వీపు తిప్పి, తడిక వైపు మొహం పెట్టి, కింద కూర్చుంది.

"అదేటే, అటు తిరిగేవు?" అన్నాడు సన్నిబాబు.

"సూత్తే తెల్దు నాకు. సూపు అడ్డం."

రెండున్నర గంటలు ఆ మనిషి కదల్లేదు. మధ్యమధ్యలో "తెట్టు తియ్యండి" అనేది. "పిప్పి తగ్గించండి, ఎడమపక్క మంట ఎక్కువైంది" అనేది. వెనక్కి తిరగకుండానే. మంట చూస్తే నిజంగానే ఎడమవైపు ఎగసి ఉండేది. మాటలు తగ్గిపోయాయి. గానుగ ఇంజను ఆపమంది, ఆపారు. అక్కడున్న మగవాళ్ళు చిన్నప్పటి నుంచి ఆ పెనం చుట్టూ పెరిగినవాళ్ళు. వాళ్ళు కూడా మొదటిసారి దాన్ని వినడం మొదలుపెట్టారు. నేనూ విన్నాను. ఈల పోయింది, వాన వచ్చింది, వాన తగ్గింది. అంత పెద్ద పెనం ఒక మనిషిలా ఊపిరి తీస్తుందని, ఆ ఊపిరి తెలిసిన మనిషి ఆ తడిక అవతల ఇన్నేళ్ళు కూర్చుని ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఎన్నో పెద్ద మీటింగులు చూశాను, పెద్ద మనుషుల్ని చూశాను. అంత నిశ్శబ్దంగా ఒక పని తెలిసిన మనిషి ముందు నిలబడింది ఆ ఒక్కరోజే.

"కర్రలు పట్టుకోండి" అంది.

సన్నిబాబు చెంబులో చన్నీళ్ళు తెచ్చాడు. పాకం చుక్క నీళ్ళలో వేసి ఉండ కడుతుందో లేదో చూడడం అందరూ చేసే పరీక్ష.

"సూసుకోండి బావగారూ. మీరు సూసే లోపు దాటిపోద్ది" అంది. ఒక బుడగ లేచింది. ఇంకొకటి. "దింపండి."

చెంబు ఆయన చేతిలోనే ఉంది. పాకం వైపు చూశాడు, ఆమె వీపు వైపు చూశాడు. చెంబు కింద పెట్టి కర్ర పట్టుకున్నాడు. దింపారు.

పోసి, కలిపి, ఆరాక అచ్చుల్లోకి ఎత్తారు. గట్టిపడేదాకా ఎవరూ ఇళ్ళకు పోలేదు. మొదటి దిమ్మ తిరగేసినప్పుడు పగుల్లేదు, అంటుకోలేదు. ఎండలో పెడితే అదే పసుపుకొమ్ము రంగు. సన్నిబాబు అంచు విరిచి నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించాడు.

"ఏటో, ఈ ఏడు సెరుకు మంచిది" అన్నాడు.

నూకరత్నం నవ్వు ఆపుకుని పిప్పి ఎత్తడానికి వెళ్ళింది. ఆమె తడిక దాటుతుంటే ఆయన వెనకనుంచి పిలిచాడు. "రత్నం, ఎల్లుండి మా వంతు. పొద్దున్నే వచ్చీ."

సవరణ

ఆరోజే కూర్చుని రెండు రాశాను. ఒకటి కథనం, ఇంకొకటి నా పాత కథనానికి సవరణ. మూర్తిగారు రిటైరయ్యే వయసు దాటినా ఇంకా డెస్కులోనే ఉన్నారు.

"ఆరేళ్ళ కిందటి దానికి సవరణేమిటయ్యా? ఎవరైనా నోటీసు పంపారా?"

"లేదండి. తప్పు రాశాను."

"పాఠకుడు మర్చిపోయాడు. మనం గుర్తుచేయడమెందుకు?"

సవరణ వేయలేదు. కథనం వేశారు. శీర్షిక 'భర్త బాటలో... కన్నీళ్ళు దిగమింగి పాకం పడుతున్న ఇల్లాలు'. అప్పలనాయుడు నేర్పిన విద్యను ఆమె నిలబెడుతోందని డెస్కులో ఒక వాక్యం చేర్చారు. తపేలా సంగతి చోటు చాలదని తీసేశారు. ఆ పూట అక్కడ ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. మూర్తిగారికి ఫోన్ చేసి చెప్పాను.

"నువ్వు రాసింది ఎవరు నమ్ముతారు? అలా రాస్తేనే చదువుతారు" అన్నారు. చెడ్డమనిషి కాదు. నిజంగానే అలా అనుకున్నారు.

ఒక అబద్ధం కొట్టేస్తే ఆ ఖాళీలోకి దాని తమ్ముడు వచ్చి కూర్చుంటాడు. ఆడమనిషి చేస్తే పని చెడుతుందన్నది పోయింది, చేసిందంటే మగవాడు నేర్పి ఉంటాడన్నది వచ్చింది. మీరు ఈ పనిలో ఉన్నంతకాలం రెండోవాడి మీదే ఎక్కువ కన్నేసి ఉంచండి. వాడు పూలదండ వేసుకుని వస్తాడు.

ఒక కాగితం

పేపరు తీసుకుని ఆ ఊరు వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. పదిరోజులు ఆగి వెళ్ళాను. పొయ్యి మండుతోంది. ఎవరి వంతో తెలియదు. ఆమె పెనానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. ఆమె పక్కనే ఇంకో ఇద్దరు ఆడపిల్లలు కూడా అలాగే వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. పెనం దింపేదాకా నేనూ బయటే నిలబడ్డాను.

బయటికి వచ్చి, "సదివించుకున్నాను బాబూ" అంది. "మా ఆయన నాకు నేర్పేడంట కదా."

"అది నేను రాయలేదమ్మా."

"మీ పేరే ఉంది కదా కింద."

నోటుపుస్తకం తీసి, దాచుకున్న అన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాను. ఆ పేజీ చింపాను. చింపి, 'ఎవరో' అన్న రెండు చోట్లా కొట్టేసి, పైన 'నూకరత్నం' అని రాసి, కింద సంతకం పెట్టి ఆమెకిచ్చాను. ఏముందో చదివి వినిపించాను.

కాగితం తిప్పి చూసుకుంది. లోపల మళ్ళీ గోడకి తగిలించిన లామినేషన్ ముక్కతో పోల్చి చూసింది.

"ఇది అచ్చులో రాలేదు కదా?" అంది.

"రాలేదమ్మా."

"అయితే నిజవే అయ్యుంతాది" అని నాలుగు మడతలు పెట్టి, బొడ్లో దోపుకుని లోపలికి వెళ్ళిపోయింది.